మన బడిని గూర్చిన నిర్ణయములు ఎచ్చట జరుగును?

గ్రామ పంచాయతీ సమావేశములలో మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు అయిన పిమ్మట తరచుగా చర్చకు వచ్చునది బడి. ఉపాధ్యాయులు చాలలేదనియో, పై తరగతులు కావలెననియో, ఉన్న తరగతులను వేరొక బడికి తరలించుచున్నారనియో సభ్యులు మాటలాడుదురు. తీర్మానము వ్రాయబడును. అంతట ఒక ప్రశ్న పుట్టును: దీనిని ఎవరికి పంపవలెను? పెక్కు తావులలో దీనికి వచ్చు సమాధానము, "బోర్డుకు పంపుదము" అనునదే.

ఈ సమాధానము సరియైనది కాదు. ఇతరుల తప్పు పట్టుటకై మేమీ మాట చెప్పుటలేదు. మేమును ఆ తప్పు చేసినవారమే. 2022 వ సంవత్సరమున బడులు తెరచు దినములలో మేమొక డెల్టా మండలమున పర్యటించుచుండగా, కాలువ కవతలనున్న ఒక శివారు పల్లెనుండి పంచాయతీ సభ్యులు మా కడకు వచ్చిరి. తమ పల్లెలోని ప్రాథమిక పాఠశాలయందలి 3, 4, 5 తరగతులను కాలువ కివతలి ఉన్నత పాఠశాలతో కలుపుచున్నారని విని వారు కలతచెంది యుండిరి. కాలువమీది వంతెనకు చేతికమ్ములు లేవు. ఎనిమిదేండ్ల పిల్లలు వానకాలమున దానిని దాటవలెను. ఎవరికి వ్రాసుకొనవలెనని వారడుగగా, మేము అంతగా ఆలోచింపక, రాజధానియందలి ఒక కార్యాలయము పేరు చెప్పితిమి. వారు వ్రాసిరి. సమాధానము రాలేదు. అది ఆ కార్యాలయపు తప్పు కాదు, అది వారి పని కానే కాదు. రెండు నెలలకు మేము మరల ఆ వైపు పోవుసరికి ఆ పల్లెలో నలుగురు పిల్లలు బడి మానివేసి యుండిరి. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

బోర్డు అనగానేమో ముందుగా తెలిసికొందము. మన రెండు రాష్ట్రములలోను ఈ మాట రెండు సంస్థలకు వాడుకలో నున్నది. మొదటిది సెకండరీ విద్యా బోర్డు. పదవ తరగతి ధ్రువపత్రముపై మనకు కనిపించు పేరు దానిదే. ఆ పరీక్షల నిర్వహణ ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయము చూచుకొనును. రెండవది ఇంటర్మీడియట్ విద్యా బోర్డు. ఇది 1971 నాటి చట్టము క్రింద ఏర్పడి, జూనియర్ కళాశాలలకు అనుమతులిచ్చుట, పాఠ్యప్రణాళిక నిర్ణయించుట, పరీక్షలు జరుపుట అను పనులు చేయుచున్నది. 2014 లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట తెలంగాణమునకు, ఆంధ్రప్రదేశమునకు వేరువేరు బోర్డులు వచ్చినవి. మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎందరు ఉపాధ్యాయులుండవలెను, ఏ తరగతులుండవలెను, ఏ భాషలో బోధింపవలెను అనునవి ఈ రెండు బోర్డులలో దేనికిని చెందిన విషయములు కావు. పదవ తరగతి పరీక్షా పత్రముల సంఖ్య వంటి విషయము కూడ తుదకు ప్రభుత్వపు ఉత్తర్వుతోనే మారును. మునుపు 11 పత్రములుగా జరిగిన ఆ పరీక్ష 2023 లో రెండు రాష్ట్రములలోను 6 పత్రములతో జరిగినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పద్ధతి వేరు. అచ్చట అనేక రాష్ట్రములలో రాష్ట్ర విద్యా మండలి అను ప్రత్యేక సభ యుండును. టెక్సాస్ రాష్ట్రములో ఈ మండలికి 15 మంది సభ్యులు. వారిని ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకొందురు. ఏ తరగతిలో ఏమి నేర్పవలెనో వారు బహిరంగ సమావేశములలో చర్చించి ఓటు ద్వారా తేల్చుదురు. మన వద్ద అట్టి ఎన్నికైన విద్యా మండలి లేదు. మన శాసనసభకు బాధ్యతవహించు మంత్రి, ఆ మంత్రి క్రింది శాఖ, ఆ శాఖకు సలహానిచ్చు విద్యా సంస్థలు కలసి ఆ పని చేయును. రెండు పద్ధతులలో ఏది మేలైనదను చర్చకు ఇది తావు కాదు. మన పద్ధతిలో నిర్ణయము ఒక్క గదిలో జరుగదనియు, అందుచేత ఏ ద్వారము తట్టవలెనో తెలియనివాడు వెలుపలనే నిలిచిపోవుననియు మాత్రము చెప్పవచ్చును.

డెల్టా రైతులకు తెలిసిన ఉపమానముతో చెప్పవలెనన్న, ఇది ప్రధాన కాలువనుండి పంట కాలువకు, పంట కాలువనుండి బోదెకు నీరు వచ్చు విధముగా నుండును. ప్రధాన కాలువ రాజ్యాంగము, పార్లమెంటు చేసిన చట్టములు. 1950 లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలో కల్పించుటకు రాజ్యము యత్నింపవలెనని ఆదేశించినది. పదేండ్లు కాదు, అర్ధశతాబ్దము గడచినది. 2002 లో జరిగిన 86 వ సవరణతో ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కయినది. దానిని అమలుపరచుటకై బాలల ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టము 2009 లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. 1976 వరకు విద్య రాష్ట్రముల జాబితాలో నుండెను. 42 వ సవరణతో ఉమ్మడి జాబితాకు పోయినది. కావున ఇప్పుడు కేంద్రము, రాష్ట్రము రెండును దానిపై శాసనములు చేయవచ్చును. రెంటికిని వైరుధ్యము కలిగినచో సాధారణముగా కేంద్ర శాసనమే నిలుచును. ఈ సంగతి ముందు చెప్పబోవు వ్యాజ్యమున ముఖ్యమైనది.

పంట కాలువ రాష్ట్ర ప్రభుత్వము. చట్టము క్రింద నియమములు చేయుట, ఉత్తర్వులిచ్చుట దాని పని. ఒక నిర్ణయమునకు బీజము పలు విధముల పడును. శాసనసభ్యుని ప్రశ్న, ఎన్నికలనాటి వాగ్దానము, న్యాయస్థానపు తీర్పు, కేంద్ర పథకము, ఉపాధ్యాయ సంఘముల విజ్ఞప్తి వీనిలో ఏదైనను కారణము కావచ్చును. పాఠశాల విద్యా కమిషనరు కార్యాలయము ప్రతిపాదనను తయారుచేసి, అంకెలు జతపరచి సచివాలయమునకు పంపును. అచ్చట పాఠశాల విద్యా శాఖలో ఫైలు నడచును. క్రొత్తగా ఖర్చు గాని, ఉద్యోగములు గాని ఉన్నచో ఆర్థిక శాఖ సమ్మతి కావలెను. ఒక ఉపాధ్యాయుని నియమించుట యన్నది ఒక సంవత్సరపు ఖర్చు కాదు, ముప్పది యేండ్ల జీతము. అందుచే ఆ శాఖవారు పదిమార్లు లెక్క చూతురు. చట్టమునకు సంబంధించిన చిక్కులున్నచో న్యాయ శాఖ అభిప్రాయము తీసికొందురు. పిమ్మట మంత్రి, విషయము పెద్దదైనచో ముఖ్యమంత్రి, మంత్రివర్గము. తుదకు గవర్నరు పేరిట ప్రభుత్వ ఉత్తర్వు వెలువడును. మన జనులు దీనినే జీవో యందురు.

జీవోలలోను తేడా కలదు. సంఖ్యకు ముందు ఎం.ఎస్. అని యున్నచో అది విధానమునకు సంబంధించినదియు, నిలుకడగా నుండదగినదియు అని తెలియవలెను. ఆర్.టి. అని యున్నచో అది దైనందిన వ్యవహారపు ఉత్తర్వు. బదిలీలు, ఒక్క తడవ మంజూరులు మున్నగునవి ఇందులోనికి వచ్చును. పంచాయతీ కార్యాలయమునకు ఏ ఉత్తర్వు ప్రతి వచ్చినను మొదట ఆ రెండక్షరములు చూచుట మంచిది. ఆ ఉత్తర్వును కమిషనరు తన సూచనలతో జిల్లా విద్యాశాఖాధికారికి, ఆయన మండల విద్యాశాఖాధికారికి, ఆయన ప్రధానోపాధ్యాయునికి పంపుదురు. ఉత్తర్వులో లేని పట్టుదల ఒక్కొక్కప్పుడు ఈ సూచనలలో చేరును. ఉత్తర్వులో నున్న వెసులుబాటు ఒక్కొక్కప్పుడు వీనిలో జారిపోవును. కావున వివాదము వచ్చినప్పుడు సూచనల ప్రతిని మాత్రమే చూచి ఊరకుండక, మూలమైన ఉత్తర్వును చదువవలెను. ప్రభుత్వ ఉత్తర్వులలో అధికభాగము ఇంగ్లీషులో నుండుట గ్రామములకు ఇబ్బందియే. ఊరిలో చదువుకొన్న యువకుని సాయము పొందుటకు సందేహింపరాదు.

పాఠ్యాంశములు, పుస్తకములు, బోధనా పద్ధతి అనునవి మాత్రము పూర్తిగా సచివాలయపు చేతిలో లేవు. విద్యా హక్కు చట్టము 29 వ సెక్షను ప్రకారము పాఠ్యప్రణాళికను ప్రభుత్వము నిర్దేశించిన విద్యా ప్రాధికార సంస్థ నిర్ణయింపవలెను. మన రాష్ట్రములలో ఆ పని రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలిది. మీ మనుమడు చదువు తెలుగు వాచకము ఆ మండలి తయారుచేసినదే. 2020 నాటి జాతీయ విద్యా విధానము కూడ ఈ వేర్పాటునే కోరినది. విధానము చేయువారొకరు, బడులు నడుపువారొకరు, ప్రమాణములు పరిశీలించువారొకరు, పాఠములు వ్రాయువారొకరు కావలెననియు, అన్నియు ఒక్కరి చేతిలో నుండరాదనియు అందు చెప్పబడినది.

ఈ ఏర్పాటంతయు కాగితముపై ఎట్లున్నను, పనిలో ఎట్లు నడచునో చూచుటకు బోధనాభాషను గూర్చిన వ్యవహారము తగిన ఉదాహరణము. 2019 నవంబరు 5 న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జి.ఓ. ఎం.ఎస్. నంబరు 81 జారీచేసినది. దాని ప్రకారము 2020-21 విద్యా సంవత్సరమునుండి ప్రభుత్వ పాఠశాలలలోను, మండల, జిల్లా పరిషత్తుల పాఠశాలలలోను 1 మొదలు 8 వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమము రావలెను. తెలుగు గాని, ఉర్దూ గాని తప్పనిసరి పాఠ్యాంశముగా నుండును. పక్షము దినములలోనే జి.ఓ. నంబరు 85 వచ్చి, మొదట 1 నుండి 6 తరగతులకు, ఆపై ఏటికొక తరగతికి అని దానిని మార్చినది. కూలి చేసియైనను పిల్లలను ప్రైవేటు ఇంగ్లీషు బడికి పంపుచున్న తల్లిదండ్రులు పల్లెలలో ఎందరో గలరు. ఆ భారము వారికి తప్పునని సమర్థకుల వాదము. ఇంటి భాషలో అక్షరము దిద్దని పిల్లవానికి ఏ భాషయు పట్టుబడదని విమర్శకుల వాదము. రెండువైపులను చదువుకొన్నవారు, పిల్లల మేలు కోరువారు ఉండిరి. ఈ మాట మేము మొగమాటమునకు చెప్పుట లేదు. రెండు వాదములును పల్లెలలోనే, ఒకే రచ్చబండ వద్ద, మేము వింటిమి.

కొందరు హైకోర్టుకు పోయిరి. 2020 ఏప్రిల్ 15 న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ రెండు ఉత్తర్వులను కొట్టివేసినది. విద్యా హక్కు చట్టము 29 వ సెక్షనులో, బోధన సాధ్యమైనంత మేరకు పిల్లల మాతృభాషలో నుండవలెనని కలదు. పార్లమెంటు చేసిన చట్టమును రాష్ట్ర ఉత్తర్వు త్రోసిపుచ్చజాలదు. ఏ మాధ్యమమున చదువవలెనను ఎంపిక విద్యార్థికి, తల్లిదండ్రులకు చెందినదను సంగతియు ఆ తీర్పులో ముఖ్యమైనది. పంచాయతీ సభ్యులు ఇచ్చట గమనింపవలసినది తీర్పు ఎవరికి అనుకూలమన్నది కాదు. మంత్రివర్గము తీసికొన్న నిర్ణయమైనను, పైనున్న చట్టముతో పొసగనిచో నిలువదన్నదే.

పిమ్మట జరిగినదియు తెలియదగినదే. ప్రభుత్వము గ్రామములలో తల్లిదండ్రుల అభిప్రాయములను వ్రాతమూలకముగా సేకరించినది. నూటికి 96 మందికి పైగా, తెలుగు ఒక పాఠ్యాంశముగా నుండు ఇంగ్లీషు మాధ్యమమునే కోరిరని ప్రకటించినది. విద్యా పరిశోధన శిక్షణ మండలినుండి నివేదికను తెప్పించుకొన్నది. సుప్రీంకోర్టుకు అప్పీలు చేసినది. ఆ సంవత్సరమే ఆ న్యాయస్థానము హైకోర్టు తీర్పుపై స్టే ఇచ్చుటకు నిరాకరించినది. ఈ లోగా ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు గల ద్విభాషా పుస్తకములు బడులకు వచ్చినవి. తెలంగాణ ప్రభుత్వము 2022-23 లో 1 నుండి 8 తరగతులకు ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టినప్పుడు అచ్చటను ఇట్టి పుస్తకములే ముద్రింపబడినవి. తల్లిదండ్రుల అభిప్రాయము, విద్యా మండలి నివేదిక అను రెండును తీర్పు వచ్చిన తరువాత సంపాదింపబడినవి. మొదటనే ఈ రెండు పనులు జరిగి యుండినచో వ్యవహారము ఇంత చుట్టు తిరుగకుండెడిదేమో యని మాకు తోచుచున్నది.

ఇక తరగతుల తరలింపు సంగతి. ఇది ఊళ్లకు మరింత దగ్గరి విషయము. ప్రాథమిక పాఠశాలలలో ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులకు అన్ని పాఠములు చెప్పుచున్నారు, 3 వ తరగతినుండియే సబ్జెక్టునకొక ఉపాధ్యాయుడుండిన మేలు అను ఆలోచనతో ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను సమీపమందలి ఉన్నత పాఠశాలలతో కలుపుట ఆరంభమైనది. మొదట 250 మీటర్ల లోపలి బడులు, తరువాత ఒక కిలోమీటరు లోపలి బడులు ఇందులోనికి వచ్చినవి. 2022 జూన్ 10 నాటి జి.ఓ. నంబరు 117 దీనికి తగినట్లు ఉపాధ్యాయుల సంఖ్యను సర్దినది. ఆలోచనలో తప్పులేదు. మ్యాథ్సు చదివిన ఉపాధ్యాయుడు మ్యాథ్సు చెప్పుట మంచిదే. కాని రాజధానిలో పటముపై ఒక కిలోమీటరనిన ఒక్క గీత. ఊరిలో అది ఒక కాలువ కావచ్చును, జాతీయ రహదారి కావచ్చును, రైలు పట్టాలు కావచ్చును. పలు ఊళ్లలో తల్లిదండ్రులు బడుల ముందు కూర్చుండి నిరసన తెలిపిరి. ప్రభుత్వము మారిన పిమ్మట 2025 లో ఆ ఉత్తర్వు రద్దయినది. పిల్లలు తగినంతమంది గల చోట్ల తరగతికొక ఉపాధ్యాయుడుండు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలతో క్రొత్త ఏర్పాటు వచ్చినది. మూడేండ్లలో ఒక విధానము వచ్చి పోయినది. ఆ మూడేండ్లలో మూడవ తరగతి చదివిన పిల్లవాడు ఆ మూడేండ్లను మరల పొందజాలడు. అందుచేత ఉత్తర్వు రద్దగువరకు వేచియుండుట గ్రామమునకు ఉపాయము కాదు. ఉత్తర్వు అమలులో నున్నప్పుడే తన ఊరి సంగతి చెప్పుకొనవలెను.

అట్లు చెప్పుకొనుటకు పంచాయతీకి చట్టబద్ధమైన తావు కలదా? కలదు. మీ ఊరి బడి గోడమీది పేరు చదివి చూడుడు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల యనియో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల యనియో ఉండును. 1959 లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ రాజ్ వ్యవస్థ ఏర్పడినప్పుడు ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు అప్పగింపబడినవి. సమితులు పోయి 1986 చట్టముతో మండలములు వచ్చినవి. పేరు మాత్రము గోడమీద మిగిలినది. ఉపాధ్యాయుల నియామకము, జీతము రాష్ట్ర ప్రభుత్వము చూచుకొనుచున్నందున, ఆ గోడమీది పేరునకు అర్థమున్నదను మాట మనము మరచిపోతిమి. 73 వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయముల జాబితా నొకటి చేర్చినది. అందు ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య 17 వ అంశము.

విద్యా హక్కు చట్టము ఇంకను స్పష్టముగా మాటలాడినది. స్థానిక సంస్థ యను మాటలో పంచాయతీ కూడ చేరినది. తన పరిధిలో నివసించు పదునాలుగేండ్ల లోపు పిల్లల లెక్క ఉంచుట, వలస వచ్చిన కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట, చేరిన పిల్లలు చదువు పూర్తిచేయునట్లు చూచుట 9 వ సెక్షను స్థానిక సంస్థపై పెట్టిన విధులు. ఇటుక బట్టీలు, రొయ్యల చెరువులు, మిరప కోతలు గల ఊళ్లలో ఇందు రెండవది ఎంత పనియో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. పిల్లల హక్కునకు భంగము కలిగినచో ఎవరైనను స్థానిక సంస్థకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవచ్చుననియు, ఆ సంస్థ ఇరుపక్షముల మాట విని మూడు నెలలలో తేల్చవలెననియు 32 వ సెక్షను చెప్పుచున్నది. ఆ నిర్ణయము నచ్చనివారు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు పోవచ్చును.

చట్టము క్రింద వచ్చిన పాఠశాల యాజమాన్య కమిటీని గూర్చి రెండు మాటలు. ఇందు సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. వెనుకబడిన, బలహీన వర్గముల పిల్లల తల్లిదండ్రులకు తగిన చోటుండవలెను. మన నియమముల ప్రకారము వార్డు సభ్యుడు ఈ కమిటీలో తన పదవిచేతనే సభ్యుడు. సర్పంచి కోరినప్పుడు సమావేశమునకు పోవచ్చును. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయుట ఈ కమిటీ పని. ఆ ప్రణాళిక కేవలము సున్నము, ప్రహరీ గోడలకు సంబంధించినది కాదు. వచ్చు మూడేండ్లలో ఏ తరగతిలో ఎందరు పిల్లలుందురు, ఎందరు ఉపాధ్యాయులు కావలెను అను అంచనా అందుండవలెను. ప్రతి సంవత్సరము ఈ లెక్కలు బడినుండి మండలమునకు, జిల్లాకు, రాష్ట్రమునకు పోయి, కేంద్రము నూటికి 60, రాష్ట్రము నూటికి 40 భరించు సమగ్ర శిక్ష పథకపు వార్షిక ప్రణాళికలో కలియును. ప్రధానోపాధ్యాయుడు ఏటేట యుడైస్ అను జాతీయ పట్టికలో నింపు అంకెలే వీనికి ఆధారము. మరుగుదొడ్డి పని చేయకున్నను పనిచేయుచున్నదని నింపినచో, మీ బడికి మరుగుదొడ్డి రాదు. ఈ పట్టిక నింపునాడు కమిటీ సభ్యులు ప్రక్కన కూర్చుండి చూచిన ఎవరికిని నష్టము లేదు. నిజాయితీగల ప్రధానోపాధ్యాయులు దానిని సంతోషముగా అంగీకరింతురని మా అనుభవము.

మరల ఆ కాలువ కవతలి పల్లెకు వత్తము. రెండవమారు మేము పోయినప్పుడు ఉద్యోగ విరమణ చేసిన ఒక వృద్ధ ఉపాధ్యాయుడు పంచాయతీ కార్యాలయమున కూర్చుండి, పాత తీర్మానమును ఎర్ర సిరాతో దిద్దుచుండెను. "మేము దీనిని వ్యతిరేకించుచున్నాము, తక్షణమే రద్దు చేయవలెను అని వ్రాసితిరి. ఎందుకో వ్రాయలేదు. పై అధికారి దేనిని చూచి మీ మాట వినవలెను?" అని ఆయన సభ్యులను అడిగెను. ఆ మాట మమ్మును గూర్చియు అన్నట్లే మాకు తోచినది. మరునాడు ఉదయము ఇద్దరు సభ్యులు, కమిటీకి చెందిన ఒక తల్లి, కొలత టేపు పట్టుకొని పల్లె బడి గడపనుండి ఉన్నత పాఠశాల గడప వరకు పిల్లలు నడచు దారిన కొలిచిరి. 1,350 మీటర్లు వచ్చినది. కంప్యూటరు పటములో తిన్నని గీత కొలత కిలోమీటరు లోపుగా నుండినందుననే ఆ పల్లె జాబితాలో చేరినది. నియమములలో నున్నది నడక దూరము. అంతేకాక వరద, దారి లేమి వంటి ప్రమాదములున్న చోట పిల్లలకు ఆ ప్రమాదము తప్పునట్లు బడిని ఏర్పరుపవలెనని కూడ ఆ నియమములలో కలదు. బడిలో మొత్తము 38 మంది పిల్లలు. 60 మంది వరకు గల ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని చట్టపు అనుబంధము చెప్పుచున్నది.

తీర్మానము ఒక్క పుటలో ముగిసినది. దూరము, కొలిచిన తేదీ, కొలిచినవారి పేర్లు. వంతెన పొడవు, చేతికమ్ములు లేవను సంగతి. తరగతివారీ పిల్లల సంఖ్య. బడి మానిన నలుగురి వయస్సు. కోరిక ఒక్కటే, 3, 4, 5 తరగతులను పల్లెలోనే ఉంచవలెనని. యాజమాన్య కమిటీ తీర్మానము దానికి జతపడినది. దానిని రాజధానికి పంపలేదు. మండల విద్యాశాఖాధికారికి ఒకటి, జిల్లా విద్యాశాఖాధికారికి ఒకటి, మండల పరిషత్ కార్యాలయమునకు ఒకటి ఇచ్చిరి. పది దినములలో మండలాధికారి స్వయముగా వచ్చి ఆ దారిన నడచెను. వంతెన మధ్యకు వచ్చి ఆయన ఒక నిమిషము నిలిచి క్రిందికి చూచెనని సభ్యులు మాకు చెప్పిరి. దసరా సెలవుల లోపల జిల్లా జాబితానుండి ఆ పల్లె తొలగింపబడినది. ఉత్తర్వు మారలేదు. ఉత్తర్వునకు లోబడియే ఆ పల్లె దానినుండి బయటపడినది. బడి మానిన నలుగురిలో ముగ్గురు మరల వచ్చిరి. నాలుగవ బాలుడు అప్పటికే తండ్రితో కూడ వేరొక జిల్లాకు పనికి పోయియుండెను. మేము ఆ కార్యాలయము పేరు చెప్పక, ఆ ముసలి ఉపాధ్యాయుడు చెప్పిన మాట చెప్పియుండినచో, ఆ బాలుడు ఆ జూలైలోనే బడిలో నుండెడివాడు.

సభ్యులకు ఉపయోగపడునని, ఏ పని ఏ కాలమున చేయవలెనో కూడ చెప్పుచున్నాము. రాష్ట్ర బడ్జెటు సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో శాసనసభకు వచ్చును. క్రొత్త గదులు, క్రొత్త తరగతులు కోరువారు అంతకు ముందే, సంక్రాంతి లోపల, తమ ప్రతిపాదనలు జిల్లాకు చేరునట్లు చూడవలెను. ఉపాధ్యాయుల సర్దుబాటు, బదిలీలు ఎక్కువగా వేసవి సెలవులలో జరుగును. బడులు సాధారణముగా జూన్ 12 న తెరవబడును. కావున ఏప్రిల్ 24 న పంచాయతీ రాజ్ దినమున జరుగు గ్రామసభలో బడి లెక్క చదివించుట తగిన సమయము. జూన్ మొదటివారమున సభ పెట్టిన పంచాయతీలు ఆ సంవత్సరమునకు ఆలస్యమైనట్లే.

పరీక్షలు, మార్కుల పత్రములు, ధ్రువపత్రములలో పేర్ల తప్పులు అను విషయములకు పరీక్షల కార్యాలయము ఉన్నది. అది కూడ ప్రధానోపాధ్యాయుని ద్వారా పోవలెను. పుస్తకములలో తప్పులు కనిపించినచో విద్యా పరిశోధన శిక్షణ మండలికి వ్రాయవచ్చును. తరగతులు, ఉపాధ్యాయులు, దూరము, భవనము అనునవి మండలము, జిల్లా మెట్ల మీదుగా పోవలసినవి. పంపు ప్రతి కాగితమునకు ఒక నకలు పంచాయతీలో ఉంచుకొనవలెను. ఆ నకలుపై స్వీకరించినట్లు కార్యాలయపు ముద్ర, తేదీ వేయించుకొనుట మరువరాదు. మూడు నెలల గడువు ఆ తేదీనుండియే లెక్కకు వచ్చును.